యూనిట్ 9: కవర్ పాటలు, అభిమానుల తీర్పు – రోలింగ్ స్టోన్స్ బృందం, అమెరికన్ బ్లూస్

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరువాత మీరు:

• కవర్ పాట అంటే ఏమిటో, ఆ మాట ఏ పరిస్థితుల్లో వాడుకలోకి వచ్చిందో వివరించగలుగుతారు.
• అమెరికా దక్షిణాదిలో పుట్టిన బ్లూస్ సంగీతం లండన్ యువకులకు ఎలా చేరిందో చెప్పగలుగుతారు.
• రాక్ బృందం తన పాటలను తానే రాసుకోవాలన్న అభిప్రాయం ఎప్పుడు, ఎందుకు బలపడిందో చర్చించగలుగుతారు.
• అభిమానుల స్పందనను చారిత్రక ఆధారంగా వాడేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలను గుర్తించగలుగుతారు.

9.1 పరిచయం

2016 డిసెంబర్ 2న రోలింగ్ స్టోన్స్ అనే బ్రిటిష్ రాక్ బృందం ‘బ్లూ అండ్ లోన్‌సమ్’ అనే ఆల్బమ్‌ను విడుదల చేసింది. అప్పటికి ఆ బృందం ఏర్పడి 54 సంవత్సరాలయింది. గాయకుడు మిక్ జాగర్ వయస్సు 73 ఏళ్లు. డ్రమ్ములు వాయించే చార్లీ వాట్స్ వయస్సు 75 ఏళ్లు. 2005 తరువాత ఈ బృందం నుంచి వచ్చిన తొలి స్టూడియో ఆల్బమ్ ఇదే. పదకొండేళ్లు ఎదురుచూసిన అభిమానుల చేతికి 12 పాటలు వచ్చాయి. వాటిలో బృందం సొంతంగా రాసిన పాట ఒక్కటీ లేదు. అన్నీ కొన్ని దశాబ్దాల కిందట ఆఫ్రికన్ అమెరికన్ సంగీతకారులు రికార్డు చేసిన బ్లూస్ పాటలే.

ఇటువంటి సందర్భంలో అభిమానుల నుంచి సాధారణంగా రెండు తీర్పులు వినిపిస్తాయి. మొదటిది నిరాశ. ఇన్నేళ్ల తరువాత కూడా సొంత పాటలు రాయలేకపోయారా, ఇతరుల పాటలతో సరిపెట్టారా అని కొందరు ప్రశ్నిస్తారు. రెండవది సంతోషం. ఇన్నాళ్లకు తమ మూలాలకు తిరిగి వచ్చారు, ఇదే వారి అసలైన సంగీతం అని మరికొందరు మెచ్చుకుంటారు. పైకి చూస్తే ఇవి కేవలం వ్యక్తిగత అభిరుచులుగా కనిపిస్తాయి. అయితే, పాడేవారే పాట రాయాలన్న కోరికకు ఒక చరిత్ర ఉంది. ‘మూలాలు’ అనే మాటకూ ఒక చరిత్ర ఉంది. ఆ మూలాల వద్ద నిలిచిన సంగీతకారులకు పేరు, పైకం దక్కాయా అన్నది ఈ రెండు తీర్పులూ తరచుగా దాటవేసే ప్రశ్న. ఈ మూడు అంశాలను ఈ యూనిట్‌లో వరుసగా పరిశీలిద్దాం.

9.2 ‘కవర్’ అనే మాట వెనుక

ఒకరు ఇదివరకే రికార్డు చేసి విడుదల చేసిన పాటను మరొకరు తమ గొంతుతో, తమ వాద్యాలతో తిరిగి రికార్డు చేస్తే దానిని కవర్ పాట అంటారు. సంగీతం ప్రధానంగా అచ్చు కాగితాల రూపంలో అమ్ముడైన కాలంలో ఈ మాటతో అవసరం ఉండేది కాదు. రచయిత పాట రాసేవాడు, ప్రచురణకర్త అచ్చువేసేవాడు, దానిని ఎందరో గాయకులు పాడేవారు. అందులో అసలు ఏది, నకలు ఏది అన్న ప్రశ్న తలెత్తేది కాదు. మన కర్ణాటక సంగీతంలోనూ త్యాగరాజ కృతిని పాడే విద్వాంసుణ్ణి సొంత కృతి ఎందుకు పాడలేదని ఎవరూ అడగరు. పాడేవారు, రాసేవారు ఒకరే కావాలన్న నియమం అన్ని కాలాల్లోనూ, అన్ని సంగీతాల్లోనూ లేదన్నమాట.

గ్రామఫోను రికార్డు ప్రధాన వ్యాపార వస్తువుగా మారిన తరువాత పరిస్థితి మారింది. 20వ శతాబ్దం మధ్యకాలానికి అమెరికాలో ఒక కంపెనీ పాట జనాదరణ పొందగానే, పోటీ కంపెనీ అదే పాటను తన గాయకుడితో పాడించి వెంటనే విడుదల చేయడం పరిపాటి అయింది. జాతి వివక్ష బలంగా ఉన్న ఆ సమాజంలో దీని ఫలితం అందరికీ ఒకేలా లేదు. నల్లజాతి గాయకుల రికార్డులను చాలా రేడియో కేంద్రాలు ప్రసారం చేసేవి కావు. అదే పాటను శ్వేతజాతి గాయకుడు పాడితే విశాలమైన మార్కెట్ తెరుచుకునేది. లిటిల్ రిచర్డ్ 1955లో పాడిన ‘టుటీ ఫ్రూటీ’ అమెరికా పాప్ పట్టికలో 17వ స్థానం వరకు వెళ్లింది. 1956లో అదే పాటను పాట్ బూన్ పాడగా ఆ రికార్డు 12వ స్థానానికి చేరింది.

చట్టం కూడా ఈ పద్ధతికి వీలు కల్పించింది. అమెరికా 1909లో చేసిన కాపీరైట్ చట్టం ప్రకారం, ఒకసారి రికార్డు అయిన పాటను ఎవరైనా మళ్లీ రికార్డు చేయవచ్చు. ఆ చట్టం కింద అందుకు ప్రతి కాపీకి 2 సెంట్ల చొప్పున హక్కుదారుకు చెల్లించవలసి ఉండేది. యంత్రంతో మోగే పియానోల కోసం తయారైన కాగితపు చుట్టల వ్యాపారాన్ని దృష్టిలో పెట్టుకొని చేసిన ఈ నిబంధన తరువాత రికార్డులకూ వర్తించింది. ఇక్కడ ఒక విషయాన్ని గుర్తుంచుకోవాలి. కవర్ పాట వల్ల వచ్చే ఈ రాయల్టీ పాట రాసినవారికి, దాని ప్రచురణకర్తకు చేరుతుంది. మొదట పాడి ఆ పాటకు ప్రాణం పోసిన గాయకుడికి, అతడు రచయిత కాకపోతే, అందులో ఏమీ రాదు. 9.7లో దీని పర్యవసానాలను చూస్తాం.

మన దేశంలోనూ కవర్ పాటలకు చట్టం ఉంది. 1957 నాటి భారత కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ ద్వారా 31సి అనే సెక్షన్ చేరింది. దీని ప్రకారం మొదటి రికార్డింగ్ వెలువడిన సంవత్సరం ముగిసిన తరువాత ఐదేళ్లు గడిస్తేనే కవర్ పాట చేయవచ్చు. హక్కుదారుకు ముందుగా తెలియజేయాలి. ఏటా కనీసం 50,000 కాపీలకు రాయల్టీ చెల్లించాలి. అది కవర్ పాట అని కొనేవారికి స్పష్టంగా తెలియజేయాలి.

9.3 మిసిసిపీ నుంచి లండన్ వరకు

బ్లూస్ సంగీతం అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లోని ఆఫ్రికన్ అమెరికన్ల మధ్య పుట్టింది. బానిసత్వం 1865లో చట్టరీత్యా రద్దయినా పత్తి తోటల్లో కౌలు పాలు, అప్పులు, వేర్పాటు చట్టాలు వారి జీవితాన్ని కట్టిపడేశాయి. సుమారు 1910 నుంచి 1970 వరకు 60 లక్షల మంది ఆఫ్రికన్ అమెరికన్లు దక్షిణాదిని విడిచి ఉత్తర, పశ్చిమ నగరాలకు తరలిపోయారు. చరిత్రకారులు దీనిని మహా వలస అంటారు. మిసిసిపీ రాష్ట్రంలోని ఒక తోటలో పనిచేస్తూ పాడుకునే మడ్డీ వాటర్స్ 1943లో చికాగో చేరాడు. నగరంలోని సందడిగా ఉండే బార్లలో మామూలు గిటారు వినపడదు. అందువల్ల విద్యుత్ గిటారు, మైకులో ఊదే మౌతార్గాన్, డ్రమ్ములు కలిసి చికాగో బ్లూస్ అనే కొత్త శైలి రూపొందింది. పోలండ్ నుంచి వలస వచ్చిన లియొనార్డ్ చెస్, ఫిల్ చెస్ సోదరుల కంపెనీ మడ్డీ వాటర్స్, హౌలిన్ వుల్ఫ్, లిటిల్ వాల్టర్, చక్ బెర్రీల రికార్డులను విడుదల చేసింది. వీటిలో అనేక పాటలను రాసినవాడు విలీ డిక్సన్.

ఈ రికార్డులు బ్రిటన్‌లో సులభంగా దొరికేవి కావు. కావలసినవారు చికాగోకు ఉత్తరం రాసి తపాలా ద్వారా తెప్పించుకునేవారు. 1961 అక్టోబర్‌లో లండన్ సమీపంలోని డార్ట్‌ఫర్డ్ రైల్వే స్టేషన్‌లో మిక్ జాగర్, అతని చిన్ననాటి పరిచయస్థుడు కీత్ రిచర్డ్స్ ఎదురుపడ్డారు. జాగర్ చంకలో ఉన్న చక్ బెర్రీ, మడ్డీ వాటర్స్ ఆల్బమ్‌లే వారి మాటలకు మొదలు. ఆనాటి బ్రిటన్‌లో బ్లూస్ అభిమానులు చిన్న చిన్న బృందాలుగా, సంగీత క్లబ్బుల చుట్టూ ఉండేవారు. తమకు తెలిసినది ఇతరులకు తెలియదన్న గర్వం, తమదే నిజమైన సంగీతమన్న పట్టుదల వారిలో ఉండేవి.

ఆ పట్టుదలకు ఒక మంచి ఉదాహరణ ఉంది. 1958లో మడ్డీ వాటర్స్ తొలిసారి బ్రిటన్‌లో కచేరీలు చేసినప్పుడు అతని విద్యుత్ గిటారు హోరు కొందరు శ్రోతలకు, విమర్శకులకు మింగుడుపడలేదు. పల్లెటూరి వాతావరణంలో మామూలు గిటారుతో పాడేదే అసలైన బ్లూస్ అని వారి నమ్మకం. ఆ విమర్శను గుర్తుపెట్టుకొని 1963లో అతడు మామూలు గిటారుతో వచ్చాడు. ఈలోగా బ్రిటిష్ యువకుల అభిరుచి మారిపోయింది. ఈసారి వారు విద్యుత్ గిటారునే ఆశించారు. చికాగోలో నిత్యజీవితంలో భాగమైన సంగీతానికి ‘అసలైనది’ అన్న ముద్రను ఎక్కడో ఉన్న శ్రోతలు వేస్తున్నారని, ఆ ముద్ర ఐదేళ్లలోనే చేతులు మారిందని ఈ సంఘటన చూపుతుంది.

9.4 కవర్ పాటలతో మొదలైన బృందం

బ్రయన్ జోన్స్, ఇయన్ స్టూవర్ట్, జాగర్, రిచర్డ్స్ తదితరులు కలిసి 1962 జులై 12న లండన్‌లోని మార్కీ క్లబ్‌లో తొలి ప్రదర్శన ఇచ్చారు. బృందం పేరు కూడా మడ్డీ వాటర్స్ 1950లో రికార్డు చేసిన ఒక పాట నుంచి తీసుకున్నదే. మొదటి మూడు సింగిల్ రికార్డులు ఎవరివో చూడండి. 1963 జూన్‌లో వచ్చినది చక్ బెర్రీ పాట. నవంబర్‌లో వచ్చినది బీటిల్స్ బృందానికి చెందిన జాన్ లెనన్, పాల్ మెకార్ట్‌నీ రాసి ఇచ్చిన పాట. 1964 ఫిబ్రవరిలో వచ్చినది అమెరికన్ గాయకుడు బడ్డీ హోలీ పాట. 1964 ఏప్రిల్‌లో విడుదలైన తొలి ఆల్బమ్‌లో 12 పాటలు ఉండగా తొమ్మిది ఇతరులవే. ఆ ఆల్బమ్ బ్రిటన్‌లో 12 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. తక్కినవారి పాటలు పాడారని కొనడం మానేసిన అభిమానులు అప్పుడు లేరనే ఈ ఫలితం తెలుపుతోంది.

1964 జూన్‌లో బృందం చికాగో వెళ్లి, సౌత్ మిషిగన్ అవెన్యూలోని చెస్ స్టూడియోలోనే రికార్డింగ్ చేసింది. అక్కడ రికార్డు చేసిన ‘ఇట్స్ ఆల్ ఓవర్ నౌ’ అనే కవర్ పాట బ్రిటన్‌లో వారికి మొదటి అగ్రస్థానాన్ని తెచ్చింది. అదే ఏడాది నవంబర్‌లో ‘లిటిల్ రెడ్ రూస్టర్’ విడుదలైంది. విలీ డిక్సన్ పేరు మీద ఉన్న ఈ పాటను 1961లో హౌలిన్ వుల్ఫ్ పాడాడు. నృత్యానికి అనువుకాని నెమ్మది నడక గల ఈ బ్లూస్ పాట డిసెంబర్‌లో బ్రిటన్ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. దీనిని కొన్న యువతీయువకుల్లో ఎక్కువమంది హౌలిన్ వుల్ఫ్ పేరు అంతకుముందు విని ఉండరు. వారి దృష్టిలో అది రోలింగ్ స్టోన్స్ పాట.

1965 మే నెలలో అమెరికాలోని ‘షిండిగ్’ అనే టెలివిజన్ కార్యక్రమానికి బృందాన్ని పిలిచినప్పుడు, హౌలిన్ వుల్ఫ్‌ను కూడా పిలవాలని వారు పట్టుబట్టారు. అతడు పాడుతుండగా వారు అతని పాదాల దగ్గర కూర్చుని విన్నారు. తమకంటే ముందున్నవారిని తమ అభిమానులకు పరిచయం చేయాలన్న ఉద్దేశం ఇందులో స్పష్టంగా ఉంది. అయితే అమెరికాలోనే పుట్టిన సంగీతకారుడు తన దేశపు యువతకు జాతీయ టెలివిజన్‌లో పరిచయం కావడానికి విదేశీ బృందం సిఫారసు అవసరం కావడం ఆనాటి జాతి సంబంధాల స్థితిని కూడా తెలుపుతుంది.

9.5 ‘సొంత పాట’ ప్రమాణంగా మారిన తీరు

సరిగ్గా ఇదే కాలంలో మరొక మార్పు జరుగుతోంది. బీటిల్స్ తొలి ఆల్బమ్‌లో 1963లో 14 పాటలకు ఎనిమిది సొంతవి. 1964 జులైలో వచ్చిన వారి మూడవ ఆల్బమ్‌లో అన్నీ లెనన్, మెకార్ట్‌నీలు రాసినవే. అమెరికాలో బాబ్ డిలన్ తన పాటలను తానే రాసి పాడుతూ, పాటను రచయిత అంతరంగానికి సాక్ష్యంగా వినే అలవాటును పెంచాడు.

దీని వెనుక ఆర్థిక కారణం కూడా ఉంది. సింగిల్ రికార్డుకు రెండు ముఖాలు ఉంటాయి. జనం కొనేది మొదటి ముఖంలోని పాట కోసమే. కాని రెండవ ముఖంలోని పాట రచయితకు కూడా ప్రతి కాపీ మీద రాయల్టీ వస్తుంది. కవర్ పాట పాడితే ఆ సొమ్ము బయటికి పోతుంది, సొంత పాటైతే ఇంట్లోనే ఉంటుంది. రోలింగ్ స్టోన్స్ మేనేజర్ ఆండ్రూ లూగ్ ఓల్డమ్ ఈ లెక్కను బాగా గ్రహించాడు. జాగర్, రిచర్డ్స్‌లను పాటలు రాయమని ఒత్తిడి చేశాడు. 1963 నవంబర్ రికార్డు రెండవ ముఖంలో అప్పటికే బృందమంతా కలిసి తయారుచేసిన పాట ఒక ఉమ్మడి కలం పేరుతో వచ్చింది. 1965 ఫిబ్రవరిలో ‘ద లాస్ట్ టైమ్’ వారిద్దరి పేరుతో విడుదలై బ్రిటన్‌లో మొదటి స్థానం పొందింది. ఈ పాటకు కూడా స్టేపుల్ సింగర్స్ అనే ఆఫ్రికన్ అమెరికన్ కుటుంబ బృందం పాడిన భక్తి గీతం ఆధారం. కవర్ పాటకు, సొంత పాటకు మధ్య గీత ఎంత సన్ననిదో దీనివల్ల తెలుస్తుంది. 1966 ఏప్రిల్‌లో వచ్చిన ‘ఆఫ్టర్‌మాత్’ బ్రిటిష్ ఆల్బమ్‌లో 14 పాటలూ జాగర్, రిచర్డ్స్‌లవే.

మూడేళ్లలో ప్రమాణం తలకిందులైంది. 1968లో జాగర్ స్వయంగా ఒక పత్రికా సంభాషణలో, స్లిమ్ హార్పో పాడిన పాటను ఆయన గొంతులోనే వినవచ్చు గదా, మేము పాడితే వినడమెందుకు అన్న అర్థంలో మాట్లాడాడు. అయినా బృందం కవర్ పాటలను పూర్తిగా మానలేదు. 1968, 1969, 1971, 1972 ఆల్బమ్‌లలో సొంత పాటల మధ్య ఒకటి రెండు పాత బ్లూస్ పాటలు ఉంటూనే వచ్చాయి. అయితే ఇప్పుడు వాటి స్థానం వేరు. సొంత పాటలు ప్రధానం, పాత పాటలు గౌరవ సూచకం. 2016లో నిరాశ చెందిన అభిమాని 1964 నాటి కొనుగోలుదారు కంటే భిన్నమైన ప్రమాణంతో వింటున్నాడు. ఆ ప్రమాణాన్ని తయారుచేసినవారిలో రోలింగ్ స్టోన్స్ కూడా ఉన్నారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
అ. రోలింగ్ స్టోన్స్ తొలి ఆల్బమ్‌లో కవర్ పాటలు ఎన్ని?
ఆ. 1909 అమెరికా చట్టం ప్రకారం కవర్ పాట రాయల్టీ ఎవరికి చేరుతుంది?
ఇ. మేనేజర్ ఓల్డమ్ సొంత పాటలను ప్రోత్సహించడానికి గల ఆర్థిక కారణాన్ని ఐదు పంక్తుల్లో రాయండి.

9.6 2016 నాటి ఆల్బమ్, దాని ఆదరణ

‘బ్లూ అండ్ లోన్‌సమ్’ ముందుగా అనుకొని చేసిన ఆల్బమ్ కాదు. 2015 డిసెంబర్‌లో కొత్త పాటల కోసం బృందం లండన్‌లోని బ్రిటిష్ గ్రోవ్ స్టూడియోలో చేరింది. గది ధ్వనికి అలవాటు పడటానికి లిటిల్ వాల్టర్ పాడిన ఒక పాత పాటను వాయించారు. అది బాగా కుదరడంతో మరొకటి, ఇంకొకటి వాయించారు. మూడు రోజుల్లో 12 పాటలు పూర్తయ్యాయి. వాటిలో నాలుగు లిటిల్ వాల్టర్ రికార్డుల ద్వారా ప్రసిద్ధమైనవి. మిగిలినవి హౌలిన్ వుల్ఫ్, మ్యాజిక్ శామ్, జిమ్మీ రీడ్, ఓటిస్ రష్ తదితరులు పాడినవి. పక్క గదిలో తన రికార్డింగ్ చేసుకుంటున్న గిటారు విద్వాంసుడు ఎరిక్ క్లాప్టన్ రెండు పాటల్లో పాలుపంచుకున్నాడు.

ఆల్బమ్ బ్రిటన్‌లో మొదటి స్థానంలో, అమెరికాలో నాలుగవ స్థానంలో ప్రవేశించింది. 2018 జనవరిలో సంప్రదాయ బ్లూస్ విభాగంలో గ్రామీ అవార్డు పొందింది. ఈ ఆదరణను ఎలా అర్థం చేసుకోవాలి?

బృందంతో పాటు వయసు పెరిగిన శ్రోతలకు ఇది తమ యవ్వనాన్ని గుర్తుచేసే ధ్వని. 1962లో ఇరవై ఏళ్ల కుర్రవాళ్లు అరవై ఏళ్ల మనిషి బాధను అనుకరించి పాడారన్న విమర్శ ఒకప్పుడు ఉండేది. ఇప్పుడు పాడేవారే డెబ్బై దాటినవారు కాబట్టి ఆ విమర్శకు బలం తగ్గింది. చిన్నవయసు శ్రోతల్లో కొందరు ఈ ఆల్బమ్ ద్వారానే లిటిల్ వాల్టర్ పేరును తెలుసుకొని పాత రికార్డుల వైపు వెళ్లే అవకాశం ఏర్పడింది. మరోవైపు నిరాశ చెందినవారి వాదనలోనూ పస ఉంది. జాగర్, రిచర్డ్స్ రాసిన పాటల వల్లనే వారు ఈ బృందానికి అభిమానులయ్యారు. పదకొండేళ్ల విరామం తరువాత ఆ రచనే కనిపించకపోతే వెలితి అనిపించడం సహజం. మూలాలకు తిరిగి వెళ్లడం అన్న మాట కొత్తగా చెప్పడానికి ఏమీ లేని స్థితిని కప్పిపుచ్చవచ్చునన్న అనుమానం కూడా తోసిపుచ్చదగినది కాదు.

9.7 పేరు ఎవరికి, పైకం ఎవరికి?

పై రెండు తీర్పులూ బృందాన్ని కేంద్రంగా చేసుకున్నవే. పాటలను ఇచ్చినవారి వైపు నుంచి చూస్తే మరొక ప్రశ్న ముందుకు వస్తుంది.

1968 నాటి ‘బెగ్గర్స్ బ్యాంక్వెట్’ ఆల్బమ్‌లో ‘ప్రాడిగల్ సన్’ అనే పాట ఉంది. అది రాబర్ట్ విల్కిన్స్ అనే గాయకుడు, మతబోధకుడు రచించినది. తొలి ముద్రణల్లో దాని కింద జాగర్, రిచర్డ్స్‌ల పేర్లు ఉన్నాయి. తరువాత సరిదిద్దారు. 1969 ఆల్బమ్‌లో పాడిన ‘లవ్ ఇన్ వెయిన్’ రాబర్ట్ జాన్సన్ 1937లో రికార్డు చేసినది. ఆల్బమ్ మీద మాత్రం రచయితగా ఒక మారుపేరు అచ్చయింది. జాన్సన్ 1938లోనే మరణించాడు. ఆ పాటలు ఎవరి హక్కూ లేని ప్రజా సంపదా, లేక జాన్సన్ వారసత్వానికి చెందినవా అన్న వివాదం కోర్టుకు వెళ్లింది. అవి ప్రజా సంపదగా మారలేదని 2000లో అమెరికా అప్పీలు కోర్టు తీర్పు ఇచ్చింది.

విలీ డిక్సన్ అనుభవం కూడా ఇటువంటిదే. చెస్ సోదరులకు సంబంధించిన ప్రచురణ సంస్థ మీద తన రాయల్టీల కోసం 1970ల్లో అతడు న్యాయపోరాటం చేశాడు. లెడ్ జెప్లిన్ అనే మరొక బ్రిటిష్ బృందం తన పాటలోని మాటలను పేరు చెప్పకుండా వాడుకుందని 1985లో దావా వేశాడు. అది 1987లో రాజీతో ముగిసింది. ఇటువంటి స్థితిలో ఉన్న సంగీతకారులకు సాయపడటానికి అతడు బ్లూస్ హెవెన్ ఫౌండేషన్‌ను స్థాపించాడు. అతని మరణానంతరం, 1993లో అతని భార్య మేరీ డిక్సన్ పాత చెస్ స్టూడియో భవనాన్ని ఈ సంస్థ కోసం కొన్నది.

ఈ నేపథ్యంలో కవర్ పాట అని బహిరంగంగా ప్రకటించి, రచయిత పేరు అచ్చువేసి, రాయల్టీ చెల్లించే ఆల్బమ్ నిజాయితీ గల పద్ధతి అని చెప్పవచ్చు. మూలాన్ని దాచి సొంత పాటగా చలామణి చేయడం కంటే ఇది మేలు. సొంత పాటే గొప్పదన్న అభిమానుల ప్రమాణం, ఎరువు తెచ్చుకున్నదాన్ని సొంతమని చెప్పుకోవడానికి సంగీతకారులను పురికొల్పిన కారణాల్లో ఒకటి. అయితే ఈ నిజాయితీకి పరిమితి ఉంది. లిటిల్ వాల్టర్ 1968లో 37 ఏళ్ల వయస్సులో మరణించాడు. 2016లో వచ్చిన కీర్తిని అతడు చూడలేదు. అతడు వాయించి ప్రసిద్ధం చేసినా రచన ఇతరుల పేరు మీద ఉన్న పాటల రాయల్టీలో అతని వారసులకూ వాటా ఉండదు. పాట రాయడాన్ని ఆస్తిగా గుర్తించిన చట్టం, ఒక వాద్యపు పలుకును, ఒక గొంతు విరుపును ఆ విధంగా గుర్తించలేదు. బ్లూస్‌లో అసలు విలువ చాలావరకు ఆ పలుకులోనూ, ఆ విరుపులోనూ ఉంటుంది.

9.8 అభిమానుల స్పందనను ఆధారంగా చదవడం

సంగీత చరిత్ర రాసేవారు చాలాకాలం సంగీతకారుల జీవితాలకు, రికార్డులకు పరిమితమయ్యారు. వినేవారి స్పందన కూడా చరిత్రలో భాగమని తరువాత గుర్తించారు. దీనిని పరిశీలించేటప్పుడు మూడు జాగ్రత్తలు అవసరం.

మొదటిది, అమ్మకాల పట్టికలు ఎందరు కొన్నారో చెబుతాయి, ఎందుకు కొన్నారో చెప్పవు. 2016లో మొదటి స్థానం లభించడం పాటలు నచ్చడం వల్లనా, బృందం పేరు వల్లనా, క్రిస్మస్ ముందు కానుకల కాలం కావడం వల్లనా అన్నది పట్టికను బట్టి తేల్చలేం. రెండవది, గట్టిగా అభిప్రాయం చెప్పేవారు మొత్తం అభిమానులకు ప్రతినిధులు కానక్కరలేదు. పత్రికలకు ఉత్తరాలు రాసేవారు, కచేరీలో కేకలు వేసేవారు నమోదవుతారు. మౌనంగా విన్నవారు నమోదు కారు. మూడవది, జ్ఞాపకాలను సరిచూసుకోవాలి. 1964లో చెస్ స్టూడియోకు వెళ్లినప్పుడు మడ్డీ వాటర్స్ నిచ్చెనెక్కి భవనానికి రంగు వేస్తూ కనిపించాడని కీత్ రిచర్డ్స్ పలుమార్లు చెప్పాడు. లియొనార్డ్ చెస్ కుమారుడు మార్షల్ చెస్ అది జరగలేదన్నాడు. అభిమానులు ఆ కథను ఇష్టంగా చెప్పుకోవడానికి కారణం ఉంది. మహా సంగీతకారుడికి జరిగిన అన్యాయాన్ని అది ఒక్క దృశ్యంలో చూపుతుంది. కథ నిజమో కాదో తేలకపోయినా, అది ఎందుకు వ్యాపించిందన్నది చరిత్రకారుడికి పనికివచ్చే ప్రశ్నే.

9.9 సారాంశం

కవర్ పాట మీద అభిమానుల తీర్పు కాలాన్ని బట్టి మారింది. 1964లో ఇతరుల పాటలు పాడిన బృందాన్ని శ్రోతలు అగ్రస్థానంలో నిలిపారు. తరువాతి రెండు మూడేళ్లలో బీటిల్స్, డిలన్‌ల ప్రభావం, రాయల్టీ లెక్కలు కలిసి సొంత పాటను ప్రమాణంగా మార్చాయి. 2016లో వ్యక్తమైన సంతోషం, నిరాశ రెండింటికీ ఈ చరిత్రే పునాది. ఈ రెంటి వెనుక ఆఫ్రికన్ అమెరికన్ సంగీతకారులకు దక్కవలసిన గుర్తింపు, ప్రతిఫలం అనే ప్రశ్న ఉంది. 2021 ఆగస్టులో చార్లీ వాట్స్ మరణించాడు. అతని జీవితకాలంలో విడుదలైన చివరి స్టూడియో ఆల్బమ్ ‘బ్లూ అండ్ లోన్‌సమ్’. అభిమానులు కోరిన సొంత పాటల ఆల్బమ్ 2023 అక్టోబర్‌లో వెలువడింది. దాని చివరి పాట మాత్రం సొంతది కాదు. బృందానికి పేరునిచ్చిన మడ్డీ వాటర్స్ పాటనే జాగర్, రిచర్డ్స్ ఇద్దరూ కలిసి అందులో పాడి వాయించారు.

9.10 కీలక పదాలు

బ్లూస్: అమెరికా దక్షిణాదిలోని ఆఫ్రికన్ అమెరికన్ల మధ్య రూపొందిన గేయ సంప్రదాయం.
కవర్ పాట: ఇదివరకే విడుదలైన పాటకు మరొకరు చేసిన కొత్త రికార్డింగ్.
మహా వలస: సుమారు 1910–1970 మధ్య ఆఫ్రికన్ అమెరికన్లు దక్షిణాది నుంచి ఇతర ప్రాంతాల నగరాలకు తరలిపోవడం.
రాయల్టీ: రచనను వాడుకున్నందుకు హక్కుదారుకు చెల్లించే ప్రతిఫలం.

9.11 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. రాక్ బృందాలకు సొంత పాట ప్రమాణంగా మారడానికి దారితీసిన పరిస్థితులను చర్చించండి.
2. కవర్ పాటల విషయంలో ఆఫ్రికన్ అమెరికన్ సంగీతకారులకు ఎదురైన సమస్యలను ఉదాహరణలతో వివరించండి.

II. కింది ప్రశ్నలకు 15 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. మడ్డీ వాటర్స్ బ్రిటన్ పర్యటనలు శ్రోతల అభిరుచి గురించి ఏమి తెలుపుతాయి?
2. అభిమానుల స్పందనను చారిత్రక ఆధారంగా వాడేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలు ఏవి?
3. మీకు తెలిసిన ఒక కవర్ పాటను తీసుకొని, దాని రచయిత, తొలి గాయకుడు, తరువాతి గాయకుడు ఎవరో గుర్తించి, చట్టం ప్రకారం ప్రతిఫలం ఎవరికి చేరాలో వివరించండి.